రీకాల్ కాపీ బీరువాలో ఉండబట్టి సరిపోయింది

పెండింగ్ ఎన్‌బీడబ్ల్యూల (నాన్ బెయిలబుల్ వారెంట్ల) మీద పోలీసుల స్పెషల్ డ్రైవ్ అని మీ వార్తలో రాశారు, బాగానే ఉంది. కానీ వారెంటుకు గడువంటూ ఉండదని, అమలయ్యేదాకా లేదా ఇచ్చిన కోర్టే రద్దు చేసేదాకా అది బతికే ఉంటుందని రాయలేదు. పరారీలో ఉన్నవాడికైతే ఆ తర్వాత కనీసం 30 రోజుల గడువుతో ప్రొక్లమేషన్ (కోర్టుకు హాజరు కమ్మనే బహిరంగ ప్రకటన), దాన్ని ఇంటికి అంటించడం, ఆస్తి జప్తు (క్రిమినల్ కేసుల విధానం చెప్పే చట్టం బీఎన్ఎస్ఎస్‌లో 84, 85 సెక్షన్లు) ఉన్నాయి.

మా బాబాయి పారిపోలేదు మహానుభావా! చెక్ బౌన్స్ కేసులో ఒక్క వాయిదా తప్పాడు, వారెంటొచ్చింది. లాయరు పిటిషన్ వేస్తే జడ్జిగారు ఆ వారెంటును రీకాల్ చేశారు, అంటే రద్దు చేశారు. ఆ కబురే స్టేషన్‌కు చేరలేదు. రెండు నెలలకు, తెల్లారి ఐదింటికి పోలీసులు తలుపు కొట్టారు. వారెంట్ చూపించమని అడిగే హక్కుంది కాబట్టి అడిగాం, చూపించారు. బాబాయి లుంగీ మీదే బీరువా అంతా తిరగేసి రీకాల్ ఆర్డర్ సర్టిఫైడ్ కాపీ తీస్తే, హెడ్డు కానిస్టేబుల్‌గారు ఫోన్లో ఫొటో తీసుకుని, పిన్నిచ్చిన టీ తాగి వెళ్లారు.