చీరాల సముద్రానికి పోయి మోటుపల్లి చూడకుండ వచ్చుడేంది?

వరంగల్‌ల ఎటు చూసినా కాకతీయ తోరణమే. బడి గోడ మీద, హోటల్ బోర్డు మీద, పెండ్లి పత్రిక మీద సుత. 2014ల రాష్ట్ర చిహ్నంలకు కూడ ఎక్కింది. ఎండకాలం సెలవులు రాంగనే ఇదే ఊరోళ్లు బండ్లు కట్టుకొని చీరాలకు పోతరు. ఓడరేవు బీచుల రూము, లేకుంటే రామాపురంల రిసార్టు. రాత్రంత దావత్, తెల్లారి పది గంటలకు లేచి మండే ఎండల సముద్రం, సాయంత్రం వాపస్. అక్కడికి 20 కిలోమీటర్లకు అటూఇటుగ కాకతీయ రాజు గణపతిదేవుడు వేయించిన శాసన స్తంభం ఉన్నదని చెప్తే, "అక్కడేమున్నదన్నా చూడనీకి?" అంటరు. ఏమున్నదో చెప్పాలనే ఈ పోస్టు.

మోటుపల్లి ఇప్పుడు బాపట్ల జిల్లా చినగంజాం మండలంల ఒక పల్లె. కాకతీయుల కాలంల పెద్ద రేవు. అక్కడి వీరభద్రస్వామి గుడి దగ్గరున్న స్తంభం మీద సంస్కృతంల, తెలుగుల చెక్కించినదే అభయ శాసనం, క్రీ.శ. 1244-45 నాటిది. అంతకు ముందటి రాజుల పద్ధతి ఏందంటే, తుఫానుకు ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొస్తే అందుల ఉన్న బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ రాజువే. ప్రాణం కంటె ధనమే ఎక్కువనుకొని సముద్రం మీద పడి వచ్చే వర్తకుల సొమ్మును మేము అట్ల గుంజుకోము, నిర్ణయించిన సుంకం తప్ప ఇంకేదీ ముట్టము అని గణపతిదేవుడు రాతి మీద మాటిచ్చిండు. సుంకం 30ల ఒక వంతు, అంటే నూటికి మూడు రూపాయల చిల్లర. చందనం, కర్పూరం, చీనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, జవ్వాది, రాగి, పట్టునూలు, పగడాలు, మిరియాలు, వక్కలు, ఇట్ల సరుకుల పేర్లు సుత అందుల ఉన్నయి.

దీన్ని రాజు దయ అని చదివి ఊకుంటే సగమే అర్థమైనట్టు. ఓరుగల్లుకు సముద్రం లేదు, సముద్రం దాటి వచ్చే సరుకేమో కావాలె. ఓడను దోచుకునే తీరానికి రెండో ఓడ రాదు. ఒక్కసారి దొరికే దోపిడి కంటె ఏటేటా వచ్చే ముప్పయ్యో వంతే ఎక్కువని ఆ రాజుకు తెలుసు. అంతకంటె ముందే కృష్ణా నది సముద్రంల కలిసే కాడి దివిసీమను గెలిచి, అక్కడి అయ్య వంశపు ఆడపిల్లలు నారాంబ, పేరాంబలను చేసుకొని, వాళ్ల తమ్ముడు జాయపను గజసాహిణిని, అంటే ఏనుగుల దళానికి అధిపతిని చేసిండు. అంటే తీరం మీద ఆయన చూపు ఒక్కనాటిది కాదు. మనం వేయి స్తంభాల గుడి దగ్గర ఫోటో దిగి కాకతీయ వైభవం అంటం గని, ఆ వైభవానికి పైసలు ఏ దారిన వచ్చినయో అడగం.

మార్కోపోలో "ముత్ఫిలి" అని రాసిన రాజ్యం ఇదేనని చరిత్రకారులు చెప్తరు. సాలెగూడు లెక్క సన్నటి బట్టలు, వజ్రాలు, న్యాయంగ ఏలే రాణి గురించి రాసిండు. రాణిని చనిపోయిన రాజు భార్య అన్నడు, అది తప్పు. రుద్రమ గణపతిదేవుని బిడ్డ. లోయలకు మాంసం ముక్కలు విసిరితే గద్దలు వజ్రాలతో సహా ఎత్తుకొస్తయన్న కథ కూడ ఆయనదే, దాన్ని నమ్మేటోళ్లు నమ్మొచ్చు. కాకతీయులు పోయినంక 1358ల కొండవీటి అనవోతారెడ్డి ఇక్కడనే ఇంకో శాసనం వేయించి వర్తకులకు మళ్ల భరోసా ఇచ్చిండు. గోలకొండ సుల్తానుల నాటికి పెద్ద రేవు మచిలీపట్నం అయింది.

పోయి చూస్తే కోట గోడలు, ఓడల శిథిలాలు కనపడతయనుకోవద్దు. పల్లె, పాత గుళ్లు, రాళ్లు, అవతల సముద్రం, అంతే. శాసనం పాత లిపిల ఉంటది, చూడంగనే చదవరాదు. తెలుగు పాఠం, అర్థం ఫోన్‌ల వేసుకొని పోతేనే ఆ రాయి మాట్లాడుతది. పల్లె గుళ్లు మధ్యాహ్నం మూస్తరు, అందుకని పదకొండు లోపల అక్కడుండాలె. తాళం వేసి ఉంటే పూజారి ఇల్లు అడగండి.

ఇగ ప్రయాణం. వరంగల్ నుంచి చీరాల రైలు దారి దాదాపు 300 కిలోమీటర్లు, ఖమ్మం, విజయవాడ, తెనాలి, బాపట్ల మీదుగ. చార్మినార్ లాంటి రాత్రి బండ్లు అర్ధరాత్రి దాటినంక దించుతయి. పగటిపూట పోయే కృష్ణా ఎక్స్‌ప్రెస్ ఉన్నది, అందుల పోతే ఆ దినం ప్రయాణానికే సరి. రాత్రి దిగినోళ్లు స్టేషన్లనే రెండు మూడు గంటలు కూసొని, చీకటితోనే ఆటోల ఓడరేవుకు పోవుడు మంచిది, ఆరేడు కిలోమీటర్లే. తూర్పు తీరం గదా, సముద్రంల సూర్యుడు పొద్దున పుడతడు గని సాయంత్రం మునగడు. సూర్యాస్తమయం ఫోటో కోసం పొద్దుమాపు పోయేటోళ్లకు వెనుక సరుగుడు తోటలే దొరుకుతయి.

నీళ్లల దిగే ముందు ఇది చదవండి. మన దగ్గర ఈత అంటే బావిల, చెరువుల నేర్చిన ఈత. ఆ నీళ్లు గుంజవు. సముద్రం గుంజుతది. ఒడ్డుకు వచ్చిన అలల నీళ్లన్నీ తిరిగి పోవాలె గదా, అవి ఒక సన్నటి పాయల గట్టిగ లోపలికి పోతయి. రెండు పక్కల తెల్లటి నురగ విరుగుతుంటే నడుమ అలలు లేకుండ, జర ముదురు రంగుల నీళ్లు నిమ్మళంగ కనపడే చోటే ఆ పాయ. ఈత రానోళ్లు, పిల్లలను పట్టుకున్నోళ్లు అలలు తక్కువున్నయని సరిగ్గ అక్కడనే దిగుతరు. గుంజితే ఒడ్డు దిక్కు ఎదురీదొద్దు, అలిసిపోయి మునుగుడు అందుకే. ఒడ్డుకు సమాంతరంగ పక్కకు ఈదాలె, పాయ దాటినంక అలలే ఒడ్డుకు తోస్తయి. ఈత రాకుంటే మోకాళ్ల లోతు దాటొద్దు. తాగి దిగుడు గురించి చెప్పేదేం లేదు, పోలీసులు ఊకూకె బీచులు ఎందుకు మూస్తరో అక్కడోళ్లను అడగండి.

చేపల సంగతి సుత సెలవుల లెక్కనే తప్పుతది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాక, 61 రోజులు, తూర్పు తీరంల మరపడవల వేట బంద్. మనోళ్లు పోయేది సరిగ్గ ఆ మే నెలలనే. అప్పుడు "ఇప్పుడే తెచ్చిన వంజరం" అంటే చాలా మటుకు ఐసు పెట్టెది, రొయ్య అయితే చెరువుది. వేట ఉన్న నెలల్ల పొద్దున్నే పడవలు ఒడ్డుకు వచ్చే యాళ్లకు పోతే వేలం పాట అక్కడనే అవుతది. మొప్పలు ఎర్రగ, కండ్లు ఉబ్బి, వేలితో నొక్కితే గుంట పడకుండ ఉంటే తీసుకోండి.

ఓడరేవు నుంచి మోటుపల్లి పోయేటప్పుడు వేటపాలెంల ఆగండి. జీడిపప్పు కోసం ఎట్లాగూ ఆగుతరు, 1918ల పెట్టిన సారస్వత నికేతనం గ్రంథాలయం అక్కడనే ఉన్నది, సెలవు దినమో కాదో ముందు కనుక్కోండి. 1929ల గాంధీ వచ్చిన చోటు అది. తిరుగుదారిల చినగంజాం ఉప్పు మళ్లు, టైముంటే బాపట్ల భావనారాయణస్వామి గుడి. సూర్యలంక బీచు బాపట్లకు తొమ్మిది కిలోమీటర్లు, కార్తీక పౌర్ణమికి అటు పోతే నడవనీకి సందు దొరకదు.

అక్టోబరు నుంచి డిసెంబరు నడిమి దాక వాయుగుండాల కాలం. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను తీరం దాటింది బాపట్ల దగ్గరనే. సంక్రాంతి నుంచి ఫిబ్రవరి ఆఖరు దాక ఎండ తక్కువ, వేట ఉంటది, మోటుపల్లిల కాళ్లు కాలవు. ఆదివారం సాయంత్రం బండ్లు కిక్కిరిసి ఉంటయి, అందుకని రూము కంటె ముందు తిరుగు టికెట్ చేసుకోండి.