బొడ్డు కోయకముందే తరం

పుట్టిన ఏడాదిని బట్టి మనిషి స్వభావం చెప్పేసే తరాల నిపుణులకు ముందుగా ఒక నమస్కారం. 2024 డిసెంబరు 31తో ఆల్ఫా తరానికి తాళం వేసి, మర్నాటి నుంచి 2039 దాకా పుట్టేవాళ్లంతా బీటా తరమని తేల్చేశారు. 2039లో పుట్టబోయేవాడి అమ్మానాన్నలకు ఇంకా ముఖపరిచయం కూడా లేకపోవచ్చు. వాడి స్వభావం, ఆశయాలు మాత్రం వీళ్లకు తెలిసిపోయాయి.

ఆ అర్ధరాత్రి కవలలను కన్న తల్లి గతేమిటో! పెద్దవాడు పదకొండూ యాభై ఎనిమిదికి, చిన్నవాడు పన్నెండూ అయిదుకి. ఒకే ఊయల, రెండు తరాలు. పెద్దవాడు అప్పుడే పెదవి విరిచేసి ఉంటాడు: "మా రోజుల్లో ఏడుపంటే ఏడుపులా ఉండేది. వీళ్లకి ఓపికేదీ?" చిన్నవాడు, "నీకర్థం కాదులే అన్నయ్యా" అని అటు తిరిగి పడుకుంటాడు. ఏ తరంతో ఎలా మెలగాలో ఆఫీసుల్లో నేర్పే వర్క్‌షాపు ఇక ఇంట్లోనూ పెట్టక తప్పదు. నిపుణుడొచ్చి, ఆల్ఫా శిశువును ఎలా ప్రోత్సహించాలో, బీటా శిశువుకు ఫీడ్‌బ్యాక్ ఎలా ఇవ్వాలో స్లైడులు వేసి తల్లికి చెబుతాడు. పాలెప్పుడు పట్టాలన్నది ఆయన పరిధిలోకి రాదు. (భోజన విరామం ఉంటుంది, ఆయనకి.)

ఒకే ఏడాది పుట్టినంత మాత్రాన తరమైపోదనీ, చరిత్రలో ఒకే కుదుపు తగలాలనీ, తగిలినా అందరూ ఒకేలా స్పందించరనీ సమాజ శాస్త్రవేత్త కార్ల్ మన్‌హైమ్ 1928లోనే రాశాడు. పాపం, ఆయన దగ్గర స్లైడులు లేవు. 1996 దాకా పుట్టినవాళ్లు మిలీనియల్స్, 1997 నుంచి పుట్టినవాళ్లు జెన్ జీ అని గీత గీసిన అమెరికా సర్వేల సంస్థ ప్యూ కూడా 2023లో ఈ పేర్లను ఆచితూచి వాడతామంది. వినేదెవరు?

ఇప్పటి కుర్రాళ్లు ఉద్యోగంలో నిలకడగా ఉండరట. అది ఆ తరం లక్షణమట! ఉద్యోగం నిలిస్తే కదా మనిషి నిలవడానికి? 2008లో బ్యాంకులు కూలితే వీధిన పడ్డది బ్యాంకుల పెద్దలా? 2020లో కాలేజీని అరచేతి తెరలో చూపించి, బయటికి రాగానే ఆరునెలల కాంట్రాక్టు చేతిలో పెట్టారు. అద్దె కట్టలేక అమ్మానాన్నల దగ్గరే ఉండిపోతే "బాధ్యత తెలియని తరం" అనడానికి నోరెలా వస్తుంది? కాలం ఎవరికీ కాంట్రాక్టు రాయదు. మనుషులు రాస్తారు, కింద సంతకం పెడతారు, సాయంత్రం ఇంటికెళ్లి హాయిగా నిద్రపోతారు. వాళ్లది ఏ తరమో, వాళ్ల లక్షణాలేమిటో చెప్పే వర్క్‌షాపు ఒక్కటి పెట్టండి. నేనూ వస్తాను, ముందు వరసలోనే కూర్చుంటాను.