రైతు ఎరువు ఎంత వేయాలో చెప్పిన మీ వ్యాసం లెక్కలో కౌలు, అరువు ఏవండీ?
చివరి బస్తా ఎరువుకు పెట్టిన డబ్బు, దానివల్ల పెరిగిన దిగుబడి విలువ సమానమయ్యే చోట రైతు ఆగాలని అందులో రాశారు. కాగితం మీద తప్పేం లేదు. కానీ ఎరువు వేసేనాటికి పంట ధర ఎవరికి తెలుసు? మా గుంటూరు వైపు మిర్చి వేసే కౌలు రైతునే తీసుకోండి. చాలామంది కౌలు ముందే కడతారు, మందులు, ఎరువులు షాపులో అరువు తెస్తారు. అలాంటి వాళ్లకు బస్తా ధరంటే ఎమ్మార్పీ కాదు, ఎమ్మార్పీ ప్లస్ వడ్డీ. అది కలపని మోడల్ చేతిలో డబ్బున్న ఆసామికే పనికొస్తుంది.

ఇంకోటి. 45 కిలోల యూరియా బస్తా రూ.266.50, 50 కిలోల డీఏపీ (భాస్వరం ఎక్కువుండే ఎరువు) రూ.1,350. 2010లో పోషకాల ఆధారిత సబ్సిడీ (ఎరువులోని పోషకాన్ని బట్టి ఇచ్చే సబ్సిడీ) తెచ్చినప్పుడు యూరియాను అందులో చేర్చలేదు, దాని ధరను ప్రభుత్వమే తక్కువగా పట్టి ఉంచింది. ఈ ధరల్లో మీ సూత్రం ప్రకారమే యూరియా వైపు మొగ్గడం సబబు! మళ్లీ వ్యాసం చివర్లో రైతుకు అవగాహన లేదనడం ఏం న్యాయం?

రైతు వరి వైపు మొగ్గడమూ ఇలాంటి లెక్కే. తెలంగాణలో బోరుకు కరెంటు ఉచితం, వడ్లకు కొనుగోలు కేంద్రాలున్నాయి. కందికి వడ్లకున్నంత కొనుగోలు భరోసా ఏదీ? నీటికి సున్నా కాకుండా ఏదో ఒక ధర వేసి ఇదే లెక్క మళ్లీ చేస్తే వరి ఎన్ని ఎకరాలు తగ్గుతుందో చూపించండి, చదువుతాం.