ఆ చుక్కలు ఎవరికీ ఇవ్వను

గత నెలలో ముగ్గురు నన్ను ఒకే మాట అడిగారు. "అన్నా, మీ దగ్గర కోలారు బంగారు గనుల వైపు పాత పటాలు ఉన్నాయట కదా. ఒకప్పుడు ఊళ్ళు ఎక్కడ ఉండేవో చుక్కలు పెట్టి పంపించండి. ఆదివారం మెటల్ డిటెక్టర్ తీసుకుని వెళ్ళి వస్తాం." ముగ్గురూ బెంగళూరులో మంచి ఉద్యోగాలు చేసుకుంటున్న మన తెలుగు పిల్లలే. ఒక్కొక్కరికి విడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను. పంపించను. కారణాలు వినండి, విన్న తరువాత కోపం వస్తే రానివ్వండి.

పాత పటం చూసి మనుషుల జాడ పట్టవచ్చన్న మాట నిజమే. గనుల ప్రాంతంలో అయితే మరీ నిజం. గని తెరిస్తే ఊరు పుడుతుంది, గని మూస్తే ఊరు లేచిపోతుంది. పాత సర్వే పటాల్లో నివాసం ఉన్న ఊరికి ఒక గుర్తు, పాడుబడిన ఊరికి వేరే గుర్తు ఉంటాయి. రెవెన్యూ లెక్కల్లో అలాంటి ఊరిని బేచిరాకు గ్రామం అంటారు, అంటే దీపం లేని ఊరు. రాతి కట్టు ఉన్న బావి, కట్టు లేని బావి కూడా వేరువేరుగా కనిపిస్తాయి. మనిషి చేతిలోంచి వస్తువు జారిపడేది నడుస్తున్నప్పుడు కాదు, ఆగినప్పుడు. నీళ్ళు తోడుకునే బావి దగ్గర, సంత జరిగే చింతతోపులో, బండ్లు విప్పే చోట, జీతాలిచ్చే కిటికీ ముందు వరుసలో. అందుకే డిటెక్టర్ పట్టుకున్నవాళ్ళు దేశదేశాల్లో ముందు పటం తెరుస్తారు. స్కాట్లాండ్ జాతీయ గ్రంథాలయం పాత పటాలను నేటి ఉపగ్రహ చిత్రం మీద పరచి అందరికీ ఉచితంగా చూపిస్తోంది. అది చూసినప్పుడల్లా నాకు అసూయగా ఉంటుంది.

కానీ చుక్క పెట్టి తవ్వేయవచ్చు అనుకుంటున్నారే, అక్కడే పొరపాటు. అంగుళానికి మైలు చొప్పున గీసిన పటంలో ఒక మిల్లీమీటరు అంటే నేల మీద 63 మీటర్లు. బావి గుర్తే దాదాపు అంత ఉంటుంది. పైగా మన పాత పటాలు ఎవరెస్ట్ గోళం అనే భూమి ఆకారపు పాత లెక్కతో గీసినవి, మీ ఫోను లెక్క వేరు. ఆ తేడాను సరిచేయకుండా అక్షాంశ రేఖాంశాలు ఎక్కిస్తే కోలారు దగ్గర వంద మీటర్లకు పైగా పక్కకు పోతారు. నేను ఒక్కో పటాన్ని ఉపగ్రహ చిత్రం మీద కూర్చోబెట్టడానికి రెండు మూడు రాత్రులు పడుతుంది. ముందు కదలని వాటిని పట్టుకోవాలి: చెరువు కట్ట చివర, కొండ మీది గుడి, బంగారపేట నుంచి మారికుప్పం పోయే రైలు పట్టా వంపు. రోడ్డును మాత్రం నమ్మకూడదు. రోడ్డు జరుగుతుంది, చెరువు కట్ట జరగదు.

ఇక బంగారం సంగతి. కేజీఎఫ్, అంటే కోలారు బంగారు గనుల నేల అనగానే కళ్ళు మెరుస్తాయి. ఆ గనులు నూట ఇరవై ఏళ్ళలో 800 టన్నులకు పైగా బంగారం ఇచ్చాయి, నిజమే. ఇచ్చింది మూడు కిలోమీటర్ల లోతు దాకా దిగి, రాయి పగలగొట్టి, పిండి చేసి, సైనైడ్‌లో కరిగించిన తరువాత. టన్ను రాతిలో ఉండేది కొన్ని గ్రాములు, అదీ చాలావరకు కంటికి ఆనని రేణువులుగా. చేతిలో పట్టుకుని ఊపే డిటెక్టర్ ఆ రేణువును పసిగట్టలేదు. సైనైడ్ దిబ్బల (బంగారం తీశాక మిగిలిన పిండి పోసిన గుట్టల) మీద అది మోగిందంటే కింద ఉన్నది మేకో, తీగ ముక్కో, పాత రేకు డబ్బానో.

మా తాతయ్య ఆ గనిలో పనిచేశారు. ఆయన ఇత్తడి బిళ్ళ మా ఇంట్లో ఉంది. రూపాయి బిళ్ళ కన్నా కాస్త పెద్దది, మధ్యలో నంబరు, పైన చిన్న రంధ్రం. ఆ రంధ్రం ఒక పక్క అరిగి కాగితంలా పలచబడింది, ఏళ్ళ తరబడి మేకుకు తగిలించినందువల్ల. కిందికి దిగేటప్పుడు బిళ్ళ ఇవ్వాలి, పైకి వచ్చాక తీసుకోవాలి. సాయంత్రం పలక మీద బిళ్ళ మిగిలిపోయిందంటే మనిషి ఇంకా లోపలే ఉన్నాడని అర్థం. అలాంటి బిళ్ళ ఒకటి నేలలో దొరికిందనుకోండి. ఏ షాఫ్టుకు (గనిలోకి దిగే నిలువు గోతికి) ఎంత దూరంలో, ఎంత లోతులో, పక్కన ఏమున్నాయో రాసుకుంటే అది ఒక మనిషి జాడ. పెరికి జేబులో వేసుకుంటే తూకానికి అమ్మే ఇత్తడి. ఆదివారం సరదాగా వెళ్ళేవాళ్ళలో ఎంతమంది ఆ నాలుగు ముక్కలు రాసుకుంటారు?

మనవైపు ఈ యంత్రాలకు ఏ పేరు వచ్చిందో మీకు తెలుసు. గుప్తనిధుల ముఠా పట్టుబడిందని పత్రికలో వార్త వచ్చినప్పుడల్లా స్వాధీనం చేసుకున్న వస్తువుల్లో గడ్డపారల పక్కన మెటల్ డిటెక్టర్ ఉంటోంది. లంకెబిందెల ఆశతో శిథిలాలయాల్లో నందిని పెకలించారు, గర్భగుడిలో గుంత తీశారు. మేము అలాంటివాళ్ళం కాదంటారు మీరు. నమ్ముతాను. కానీ నేను పంపిన చుక్కలు మీ ఫోనులోనే ఆగవు. ఒక వాట్సాప్ గుంపు నుంచి ఇంకో గుంపుకు పోతాయి, వారంలోగా గడ్డపార ఉన్నవాడి చేతికి చేరతాయి.

చట్టం కూడా మీకు అనుకూలంగా లేదు. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం నేలలో దాగి ఉన్న వస్తువు విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. కర్ణాటకకు 1962 నాటి సొంత చట్టమే ఉంది. నూరేళ్ళు దాటిన నాణెం, శిల్పం, లోహపు వస్తువు 1972 నాటి పురావస్తు చట్టం కిందికి వస్తాయి. ఇంగ్లండులో దొరికిన వస్తువును స్థలంతో సహా నమోదు చేసే పథకం 1997లో మొదలైంది, ఇప్పటికి పది లక్షలకు పైగా వస్తువులు ఎక్కాయి. అలాంటి ఏర్పాటు ఇక్కడ పెడితే, పురావస్తు శాఖవారు పక్కన నిలబడితే, నా పటాలన్నీ పట్టుకుని మొదట వచ్చేది నేనే.

అన్నిటికన్నా నన్ను భయపెట్టేది షాఫ్టులు. గని 2001 ఫిబ్రవరి 28న మూతపడింది. అంతకు ఎంతో ముందే వదిలేసిన గోతులు, పిట్టగోడ కూలిన నోళ్ళు, పొదలు కమ్మిన పాత తవ్వకాలు అక్కడ ఉన్నాయి. చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని, తల వంచుకుని, డిటెక్టర్ ఊపుకుంటూ నడిచే మనిషికి అంతకన్నా చెడ్డ నేల ఉండదు. పాత పటంలో నేను ఎర్ర సిరాతో గుర్తు పెట్టేది ఆ గోతులనే. గని పటాలను వాటి షాఫ్టులతో సహా జనానికి తెరిచి ఉంచాలి. మేకలు కాసే పిల్లవాడికి ఆ గోయి ఎక్కడ ఉందో తెలియడం మీ నాణెం కన్నా ముఖ్యం.

బెంగళూరులో మీరు సాయంత్రాలు కాఫీ తాగే లావెల్ రోడ్డు ఎవరి పేరో చూడండి. మైకేల్ లావెల్ ఐరిష్ సైనికుడు. కోలారులో బంగారం ఉందని వారెన్ అనే సర్వే అధికారి 1800ల తొలినాళ్ళలో రాసిన నివేదికను 1871లో చదివి ఎడ్లబండి మీద బయలుదేరాడు. పాత కాగితం చదివి ఈ నేలను వెతికిన మనిషి. మరి వారెన్‌కు చూపించింది ఎవరు? ఊరిగాం గ్రామస్థులు. మట్టి బండ్లకెత్తుకుని వచ్చి, ఆయన కళ్ళముందు కడిగి, రేణువులు చూపించారు. ఆ రోజుల్లోనే మైసూరు సర్వే చేసిన మెకంజీ దొరకు ఊరూరా పెద్దలను అడిగి సంగతులు రాసి తెచ్చినవాడు మన కావలి వెంకట బొర్రయ్య. పటం మీది పేర్లు ఎక్కడి నుంచో ఊడిపడలేదు, ఊరివాళ్ళ నోటి నుంచి వచ్చాయి.

నేనిప్పుడు చేస్తున్నదీ అదే. పోయిన వారం ఆండర్సన్‌పేట దగ్గర ఒక పెద్దాయన ముందు పటం పరిచాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, వేలితో రైలు పట్టా వెంట వచ్చి, పేరు లేని ఒక బావి గుర్తు మీద ఆగారు. "ఇది గంగమ్మ బావి నాయనా. మా అమ్మ ఇక్కడే నీళ్ళు తోడేది." పటంలో లేని పేరు. పెన్సిలుతో రాసుకున్నాను. మీ ఇంట్లో బంగారపేట, ముళబాగిలు, కేజీఎఫ్ వైపు పెద్దవాళ్ళు ఉంటే చెప్పండి, డిటెక్టర్ లేకుండా నాతో వచ్చేవాళ్ళు ఉన్నా చెప్పండి. వచ్చే ఆదివారం ఉదయం రైలుకు బయలుదేరుతున్నాను, ఇంకా పేరు లేని బావులు ఆ పటంలో పదకొండు ఉన్నాయి.