బెడ్డు మీద కేసు

బయట ఎన్ని కులాలున్నా, కర్నూలు ప్రైవేటు ఆసుపత్రిలో అడుగుపెడితే మిగిలేవి రెండే: సర్కారు ఉచిత వైద్యానికిచ్చే ఆరోగ్యశ్రీ కార్డు, క్యాషు. రిసెప్షన్‌లో అమ్మాయి నొప్పి ఎక్కడని తర్వాత అడుగుతుంది. ముందు "కార్డా, క్యాషా?" అంటుంది. నాడి పట్టకుండా మనిషిని ఇంత తొందరగా తేల్చేసే పరీక్ష వైద్యశాస్త్రంలో ఇంకోటి లేదు.

గుండెనొప్పితో మా మామను పత్తికొండ నుంచి తీసుకెళ్లి "కార్డు" అన్నాం. బెడ్లు లేవు, పెద్దాసుపత్రికి పొమ్మన్నారు. కార్డు రోగులకు సాయం చేయాల్సిన ఆరోగ్యమిత్ర కుర్చీలో మనిషి లేడు, పైన ఫ్యాను మాత్రం తిరుగుతోంది. మా అత్త కొంగు ముడి విప్పుతూ "పైన డబ్బులు కూడా కడతాం లే నాయనా" అంది. పది నిమిషాల్లో రెండో అంతస్తులో బెడ్డు పుట్టింది. దిండు గలీబు మడత కూడా నలగలేదు. ఇంత సుఖప్రసవం చేసిన ఆసుపత్రిని వివక్ష చూపిందనడం మహాపాపం. మనుషులకు కనపడకుండా దాక్కున్నది బెడ్డు. నోటీసు ఇస్తే దానికే ఇవ్వాలి.

చట్టానికి ఈ సూక్ష్మం తట్టలేదు. బిల్లు ఇన్సూరెన్సు వాళ్లు కట్టినా రోగి వినియోగదారుడేనని, అది ధర్మవైద్యం కాదని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పేసింది. 2007లో అనంతపురంతో సహా మూడు జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీ, ప్రభుత్వం మారినప్పుడల్లా పేరు మార్చుకుని ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవగా నడుస్తోంది. రూలు మాత్రం అదే: రోగి దగ్గర పైసా తీసుకోకూడదు, తిండి పెట్టాలి, ఇంటికి పోయేటప్పుడు బస్సు చార్జీ కూడా ఇవ్వాలి. బస్సు చార్జీ! అడిగి చూడండి, వాళ్ల ముఖం చూడటానికైనా.

ఆసుపత్రుల బాధా ఉంది, కాదనను. సర్కారు బిల్లులు నెలల తరబడి ఆపుతుంది. అత్త మీద కోపం దుత్త మీద అన్నట్టు, ఆ కోపమంతా మా మామ మీద పడింది. కార్డు మీద స్టెంటు వేశారు, "మంచి రకం" అని పైన 40 వేలు తేడా తీసుకున్నారు.

కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే వినియోగదారుల కమిషన్‌లో ఫీజు లేకుండానే కేసు వేయొచ్చు. కావలసిందల్లా చిన్న రసీదు. డిశ్చార్జి రోజు అదే అడిగాను.

కౌంటరు అబ్బాయి నన్ను జాలిగా చూశాడు. "కార్డు పేషెంట్ల దగ్గర డబ్బు తీసుకోకూడదు సార్, రూలు. తీసుకోని డబ్బుకు రసీదు ఎట్లా ఇస్తాం?"