మీ కుక్కకు మేము ఇల్లు కాలేము

వీధికుక్కలకు, యజమానులు వదిలేసిన కుక్కలకు సాయం చేసే ఒక చిన్న బృందంలో నేను కొన్నేళ్లుగా పనిచేస్తున్నాను. మాకు వచ్చే ఫోన్లన్నీ దెబ్బ తగిలిన కుక్కను చూసి మనసు ఆగక చేసినవేనని బయటివారు అనుకుంటారు. అలాంటివీ వస్తాయి, చేసినవారికి చేతులెత్తి నమస్కరిస్తాను. నన్ను నిద్రపోనివ్వనివి వేరే ఉన్నాయి. ఇల్లు మారుతున్నామనో, బిడ్డ పుట్టబోతోందనో, ఎక్కడ చూసినా వెంట్రుకలే రాలుతున్నాయనో చెప్పి, తమ కుక్కను ఈ వారంలోగా ఎక్కడైనా చేర్పించమని అడుగుతారు. కుదరదంటే వెంటనే, "అయితే రోడ్డు మీద వదిలేస్తాం, ఆ పాపం మీదే" అంటారు. ఏళ్ల తరబడి తమ మంచం పక్కన పడుకున్న ప్రాణిని అడ్డం పెట్టుకుని, ముక్కూ మొహం తెలియని మమ్మల్ని బెదిరించడానికి నోరెలా వస్తుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

వీధిలో ఇన్ని కుక్కలు బతుకుతున్నాయి కదా, ఇదీ బతుకుతుందిలే అనుకోవడం పెద్ద పొరపాటు. వీధిలో పుట్టిన కుక్క తల్లి వెంట తిరుగుతూ, బండ్ల మధ్య నుంచి ఎలా దాటాలో, ఎవరి గుమ్మం దగ్గర తిండి దొరుకుతుందో, ఏ మలుపు దాటితే వేరే గుంపు మీద పడుతుందో నేర్చుకుంటుంది. ఇంట్లో పెరిగిన కుక్కకు ఇవేవీ తెలియవు. తీసుకొచ్చినవారు తిరిగి వస్తారన్న నమ్మకంతో అది వదిలిన చోటే నిలబడి ఉంటుంది. అక్కడి కుక్కలు తరిమితే ఎటు పోవాలో తెలియక బండ్లకు అడ్డం పడుతుంది.

కిందటేడు మా దగ్గరికి వచ్చిన ఒక ఆడకుక్కకు దూరం నుంచి చూస్తే మెడ వాచినట్టు కనిపించింది. దగ్గరికి వెళితే వాసన భరించలేకపోయాం. పశువైద్యుడు మత్తు ఇచ్చి, మెడ చుట్టూ వెంట్రుకలు తీసేశాక, మాంసం లోపల ఎర్రటి నైలాన్ పట్టీ బయటపడింది. పిల్లగా ఉన్నప్పుడు ఎవరో కట్టారు. మెడ పెరిగింది, పట్టీ పెరగలేదు. అది చర్మాన్ని కోసుకుంటూ లోపలికి దిగి, పైన మాంసం మూసుకుపోవడం మొదలైంది. పట్టీకి ఒక చిన్న గంట కూడా ఉంది. ఆ గంటను ఎంచి కట్టినవారు ఆ రోజు ముచ్చటపడే కట్టి ఉంటారు, ఆ మాట కాదనను. వదిలేసే రోజున మాత్రం ఆ పట్టీ విప్పాలని కూడా వారికి తోచలేదు.

వాలంటీరు అంటే ఖాళీ స్థలమూ ఖాళీ సమయమూ ఉన్న మనిషి అని చాలామంది ఊహించుకుంటారు. మాలో ఎక్కువమంది ఉద్యోగం చేసుకుంటూ, సాయంత్రాలు పుండ్లలోని పురుగులను పట్టకారుతో ఒక్కొక్కటిగా తీసేవారే. కుక్కపిల్లల ప్రాణం తీసే పార్వో అనే వైరస్ జబ్బు సోకిన ఒక్క పిల్లను ఇంట్లో ఉంచుకుంటే, ఆ వైరస్ నేల మీద నెలల తరబడి బతికి ఉండగలదు కాబట్టి, టీకాలు పూర్తికాని మరో పిల్లను ఆ ఇంటికి తీసుకురాలేము. అలా తాత్కాలికంగా ఆశ్రయం ఇచ్చే ఇల్లు ఒకటి మూతపడితే, ఆ నెలలో ఎన్ని ఫోన్లకు "లేదు" అని చెప్పాల్సి వస్తుందో మాకే తెలుసు.

ఆడకుక్క ఒక్కసారైనా ఈనాలి, లేకపోతే దాని ఆరోగ్యం చెడుతుంది అన్న మాట కూడా చాలాసార్లు విన్నాను. దానికి ఆధారం లేదు. నిజానికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని ఆడకుక్కలకు వయసు మీదపడ్డాక గర్భాశయంలో చీము పట్టి, ప్రాణం మీదికి వచ్చే ప్రమాదం ఉంది. కుక్క చూలు కాలం దాదాపు 63 రోజులు మాత్రమే. ఆ పిల్లల్లోని ఆడవాటిలో చాలామటుకు ఏడాది తిరగకముందే ఎదకు వస్తాయి. ముచ్చటకు ఒక ఈత వేయించి, ఎనిమిది వారాలైనా నిండకుండా పిల్లలను తల్లి నుంచి వేరుచేసి, అడిగినవారికల్లా పంచిపెడితే, వాటిలో ఎన్ని చివరకు మా ఫోన్ల దాకా వస్తాయో పంచినవారు ఎన్నడూ ఆరా తీయరు.

మా వైపు తప్పు కూడా చెప్పుకోవాలి. రోజూ తిండి పెడుతూ, ఆపరేషన్ గురించీ టీకాల గురించీ పట్టించుకోకపోతే అది సగం సేవ కూడా కాదు. కుక్కలంటే భయపడేవారిని జాలిలేనివారిగా జమకట్టడం ఇంకా అన్యాయం, వారి భయానికి కారణం ఉంది. మనుషులకు వచ్చే ర్యాబీస్‌లో 99 శాతం వరకు కుక్కల వల్లే వస్తుంది, లక్షణాలు కనిపించాక బతికి బయటపడినవారు చాలా అరుదు. ఒక ప్రాంతంలోని కుక్కల్లో కనీసం 70 శాతానికి క్రమం తప్పకుండా టీకా అందితే ఆ వ్యాధి వ్యాప్తి ఆగుతుంది. కాబట్టి మీ కుక్కకు ఏటా వేయించే టీకా పక్కింటి పిల్లవాడికి కూడా రక్షణే. కరిస్తే పుండును సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగి, అదే రోజు వైద్యుడి దగ్గరికి వెళ్లాలి. కరిచింది ఇంటి కుక్కే కదా అని ఊరుకోకూడదు.

తెచ్చుకునే ముందు ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోండి. అది మీతో పది, పన్నెండేళ్లు ఉంటుంది. నిజంగానే ఉంచుకోలేని పరిస్థితి వస్తే, వస్తుంది కూడా, కొత్త ఇల్లు మీరే వెతకండి. దొరికేదాకా మీ దగ్గరే ఉంచండి. దానికి కరిచే అలవాటు ఉంటే దాచకుండా చెప్పి, టీకాల పుస్తకంతో పాటు అప్పగించండి. ఆ పనిలో మేము తోడుంటాము, రాత్రి ఎంత పొద్దుపోయినా ఫోను ఎత్తుతాము.

ఆ ఆడకుక్క ఇప్పుడు మాలో ఒకరి ఇంట్లో ఉంది. పుండు మానింది కానీ మెడ చుట్టూ వెంట్రుకలు రాని గీత మిగిలింది. మెడ దగ్గరికి చేయి పోతే బిగుసుకుపోతుంది, అందుకే దానికి ఛాతీ చుట్టూ వచ్చే పట్టీ మాత్రమే కడుతున్నాం. పెంచుకుంటామని చూడటానికి వచ్చిన ఇద్దరూ ఆ గుర్తు పోతుందా అని అడిగారు. పోదని చెప్పాం. అది తెలిసి తీసుకెళ్లేవారి కోసం ఇంకా చూస్తున్నాం.