పదిహేనేళ్లు దాటగానే లెక్కలోంచి జారిపోతున్న పిల్లలు

హెచ్‌ఐవీ చికిత్సలో ప్రపంచం సాధించింది తక్కువేమీ కాదు. రోజుకో మాత్రతో నిండు నూరేళ్లూ బతకొచ్చు. వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ మోతాదు, పరీక్షకు అందనంతగా తగ్గి అలాగే నిలిస్తే, లైంగిక సంబంధాల ద్వారా భాగస్వామికి సోకదు కూడా. ఇంత చేతికొచ్చాక 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన లెక్క మాత్రం మింగుడుపడదు. 2005, 2012 మధ్య ఎయిడ్స్ మరణాలు మొత్తమ్మీద 30 శాతం తగ్గితే, 10-19 ఏళ్ల వారిలో 50 శాతం పెరిగాయి. ఆ తర్వాత మరణాలు తగ్గాయి గానీ, పెద్దలకూ వీళ్లకూ మధ్య దూరం మాత్రం చెరిగిపోలేదు.

కారణం అడిగితే ఠక్కున వచ్చే జవాబు ఒకటుంది: కుర్రవయసు, చెప్పిన మాట వినరు, మందులు వేళకు వేసుకోరు. నాకు ఈ జవాబు మీదే అనుమానం. తప్పంతా రోగి మీదికి నెట్టేస్తే ఆసుపత్రి పని సులువైపోతుంది మరి.

అసలు వీళ్లను ఎలా లెక్కపెడుతున్నామో చూడండి. చికిత్స నివేదికల్లో ప్రధానంగా కనిపించే వరుసలు రెండు: 0-14 ఏళ్లు, 15 దాటినవారు. ఐక్యరాజ్యసమితి ఎయిడ్స్ విభాగం లెక్కల ప్రకారం 2023లో పెద్దల్లో 77 శాతం మందికి మందులు అందుతుంటే, పిల్లల్లో 57 శాతానికే అందాయి. ఆ 57 శాతం చూసి అందరూ బాధపడతారు, పడాలి కూడా. కానీ పదహారేళ్ల అమ్మాయి ఎక్కడుంది? ఆ 77 శాతం వరుసలో, అరవై ఏళ్ల వాళ్లతో కలిసి ఉంది. ఆమె మందులు మానేసినా పెద్దల సగటు ఇసుమంతైనా కదలదు.

పోనీ 15-24 అని విడిగా తీసినా చిక్కే. తల్లి నుంచి పుట్టుకతో వైరస్ వచ్చిన కుర్రాడూ, పంతొమ్మిదో ఏట సోకిన యువకుడూ అందులో ఒకే గుంపు. మొదటివాడు ఊహ తెలిసినప్పటి నుంచీ మందులు మింగుతూనే ఉన్నాడు. ఎందుకో చాలాకాలం ఇంట్లో ఎవరూ చెప్పి ఉండరు. తెలిసేనాటికి అమ్మానాన్నల్లో ఒకరో ఇద్దరో పోయి ఉండొచ్చు. రెండోవాడికి పరీక్ష చేయించుకోవడమే గండం. అతను స్వలింగ సంపర్కుడై, దాన్ని నేరంగా చూసే దేశంలో పుట్టి ఉంటే ఆసుపత్రి గుమ్మం తొక్కడానికే భయం. దక్షిణాఫ్రికాలో పన్నెండేళ్లు నిండితే తన పరీక్షకు తానే సమ్మతి ఇవ్వొచ్చు. ఎన్నో దేశాల్లో పద్దెనిమిది దాకా తల్లిదండ్రుల సంతకం కావాల్సిందే. ఏ విషయం ఇంట్లో తెలియకూడదని పిల్లలు వణికిపోతారో, దానికే ఇంటివాళ్ల సంతకం!

మందుల సంగతీ అంతే. డొలుటెగ్రావిర్ అనే హెచ్‌ఐవీ మందుకు అమెరికాలో పెద్దల కోసం 2013లో అనుమతి వచ్చింది. చంటిపిల్లలకు నీళ్లలో కరిగించి పట్టే మాత్రకు 2020లో వచ్చింది. ఈ ఏడేళ్లూ చాలామంది పిల్లలు నాలుక మీద పెట్టుకోలేనంత చేదైన లోపినావిర్ అనే పాత మందు సిరప్‌తోనే నెట్టుకొచ్చారు. కక్కినా మళ్లీ పట్టించిన మందు అది. అలా పెరిగిన పిల్లలు పదిహేనో ఏట మందంటేనే మొహం తిప్పేసుకుంటే, దాన్ని ఒట్టి మొండితనం అనగలమా?

ఆపైన పిల్లల విభాగం నుంచి పెద్దల విభాగానికి మార్చే ఘట్టం వస్తుంది. చిన్నప్పటి నుంచి పేరుపెట్టి పిలిచిన నర్సు ఉండదు. కొత్త క్యూ, కొత్త డాక్టరు, సరిగ్గా క్లాసులు జరిగే వేళల్లోనే ఓపీ. హాస్టల్లో ఉండేవాళ్లకు మాత్రల డబ్బా గలగలమన్నా ప్రమాదమే. మాత్రలు కాగితంలో పొట్లం కట్టి దాచుకుంటారు. పక్కమంచం వాళ్లు మేలుకొని ఉంటే ఆ పూటకి మానేస్తారు. ఇవేవీ ఫైల్లోకి ఎక్కవు. అందులో ఉండేది ఒక్కటే ముక్క: మందులు సక్రమంగా వాడటం లేదు.

దీనికి విరుగుడు తెలియక కాదు. జింబాబ్వేలో 'జ్వాందిరి' కార్యక్రమం హెచ్‌ఐవీతో బతుకుతున్న యువతకే శిక్షణ ఇచ్చి, తోటి పిల్లల ఇళ్లకు పంపుతుంది. దీని మీద జరిగిన అధ్యయనం 2020లో వెలువడింది. మామూలు చికిత్స మాత్రమే అందినవారిలో దాదాపు 36 శాతం మందికి రెండేళ్లలో వైరస్ అదుపు తప్పింది లేదా ప్రాణం పోయింది. తోటివారి అండ కూడా దొరికినచోట అది 25 శాతమే. మందులు అవే, క్లినిక్కులూ అవే.

రోజూ మాత్ర దాచుకోలేని వారికి నెలకో రెండు నెలలకో వేసే కాబోటెగ్రావిర్-రిల్పివిరిన్ ఇంజెక్షన్లు వరమే అనుకుంటాం. 2022లో అమెరికా పన్నెండేళ్లు దాటినవారికీ అనుమతించింది. అనుమతిలో షరతు చూడండి: వైరస్ అప్పటికే అదుపులో ఉండాలి! అంటే మాత్రలతో నెగ్గుకొస్తున్నవారికే ఇంజెక్షను. మాత్రలు వేసుకోవడానికి ఇబ్బంది పడేవారికీ ఇవి మేలు చేస్తాయని లాటిట్యూడ్ అనే అధ్యయనం 2024లో చూపించాకే ఆ పట్టు కొంత సడలుతోంది.

ఇంతలో 2025 జనవరిలో అమెరికా విదేశీ సాయాన్ని స్తంభింపజేసింది. తర్వాత ప్రాణరక్షక మందులకు మినహాయింపు దొరికింది గానీ, ఇంటింటికీ తిరిగే తోటి సహాయకుల పనులు చాలాచోట్ల ఆగిపోయాయి. మాత్రల సరఫరాను ప్రాణరక్షణ కింద రాసుకున్నవారికి, ఆ మాత్ర మింగేలా చూసే మనిషి మాత్రం అదనపు ఖర్చులా కనిపించాడు.